కరీషిణి: గోమయకూటము నుండి ఇండోర్ ఎరువుగుంత వరకు



శుక్రవారమునాడు అమ్మవారి అభిషేకవేళ ప్రతి ఆలయమునందును శ్రీసూక్తము వినవచ్చును. వినువారిలో అనేకులకు అది కంఠస్థమే. హిరణ్యము, రజతము, గోవులు, అశ్వములు, గజనాదము, పద్మము అను మాటలు వినినంతనే లక్ష్మీస్వరూపము మనసున నిలుచును. కాని గంధద్వారయని దేవిని స్తుతించు ఋక్కునందు ‘కరీషిణి’ యను విశేషణమొకటి కలదు. ఆ మాట వద్ద ఆగి అర్థమడుగువారు తక్కువ. కరీషమనగా ఎండిన గోమయము. కరీషిణి యనగా గోమయసమృద్ధి గలది. సకలభూతములకును ఈశ్వరియైన తల్లిని ఆ ఋషి పేడ గలదానినిగా స్తుతించినాడు. స్తుతించి సిగ్గుపడలేదు. అదే సూక్తమునందు ఆమె పుత్రులుగా పిలువబడినవారు కర్దముడు, చిక్లీతుడు. మొదటి పేరునకు బురదయని, రెండవదానికి తడియని అర్థము. గోమయము, బురద, తడి అను మూడును ఒక్కచోట చేరిన తావున ఏమి జరుగునో కృషీవలునకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఈ భావము శ్రీసూక్తమునకే పరిమితము కాదు. అథర్వవేదమునందలి గోష్ఠసూక్తము గోశాలలోని ఆవులను ఇదే విశేషణముతో పిలిచినది. అగ్న్యాధానమునకు సేకరింపవలసిన పార్థివసంభారములలో ఇసుక, చవుడు, పుట్టమన్ను మొదలగువానితోపాటు ‘ఆఖుకరీషము’, అనగా ఎలుక త్రవ్వి పైకి పోసిన మన్ను, తైత్తిరీయబ్రాహ్మణమునందు చెప్పబడినది. దీనికి శతపథబ్రాహ్మణము కారణము చూపినది. ఈ పృథివి యొక్క రసమెచ్చట నున్నదో ఆ ప్రాణికి తెలియునట. రసమున్న చోటనే అది మన్నును పైకి త్రవ్వి పోయునట. సంపన్నుడైనవానిని లోకము ‘పురీష్యుడు’ అనుచున్నదనియు, పురీషమన్నను కరీషమన్నను ఒక్కటేయనియు ఆ బ్రాహ్మణమే వివరించినది. ఎరువు గలవాడే ధనికుడను లోకానుభవము యజ్ఞవేదిక వద్దకు చేరిన విధమిది.

మహాభారతము దీనిని కథగా చెప్పినది. అనుశాసనపర్వమునందు భీష్ముడు ధర్మరాజునకు వినిపించిన శ్రీ-గోసంవాదము అది. లక్ష్మి మనోహరరూపముతో గోవుల మధ్యకు వచ్చి, మీయందు నివసింపగోరుచున్నానని అడిగినది. గోవులు ఒప్పుకొనలేదు. నీవు చంచలవు, అనేకులయందు తిరుగుదానవు, నీతో మాకేమి పనియని తిరస్కరించినవి. నేను విడిచినవారు నశింతురని ఆమె చెప్పినది, అవి లెక్కచేయలేదు. చివరకు ఆమె దిగివచ్చి, మీచేత తిరస్కరింపబడినచో లోకమంతయు నన్ను అవమానించునని, మీ దేహమున కుత్సితమైన తావేదియు లేదని, ఎంత తక్కువ స్థానమైనను ఇమ్మని ప్రార్థించినది. గోవులు తమలో తామాలోచించుకొని, మా గోమయగోమూత్రములయందుండుమని పలికినవి. ఆమె సంతోషముతో అంగీకరించినది. ఈ కథలో తరచుగా గమనింపబడని సంగతి యొకటి కలదు. చంచలయైన లక్ష్మి స్థిరపడుటకు దొరికిన చోటు భాండాగారము కాదు, సింహాసనము కాదు. లోకము కాలితో తొలగించి పోవు పదార్థమే ఆమెకు ఇల్లయినది.

ఇక శాస్త్రగ్రంథముల సంగతి. కౌటిలీయార్థశాస్త్రమున సీతాధ్యక్షప్రకరణము విత్తనములకును గడలకును గోమయాదులతో చేయవలసిన సంస్కారములను చెప్పినది. చెఱకుగడల కోసిన చివరలకు పూయు లేపనమునందును, ప్రత్తిగింజలకు పట్టించు లేపనమునందును గోమయము చేరినది. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే కలదు. మేకల గొఱ్ఱెల పెంటికలు, నువ్వులు, యవలపిండి, మాంసము నీటిలో వేసి ఏడు రాత్రులు నిలువచేసి మొక్కల మూలమున పోయవలెనని అందు విధి. సురపాలుని వృక్షాయుర్వేదము ‘కుణపజలము’ అను ద్రవపుటెరువును వర్ణించినది. కుణపమనగా శవము. మాంసమును, ఎముకలలోని మజ్జను ఉడికించి, పాలు, తెలకపిండి, మినుములు, తేనె, నేయి మొదలగువానితో కుండలో పులియబెట్టవలెనని ఆ విధానము చెప్పుచున్నది. నేటి శాకాహారులైన ఆస్తికులకు ఇది రుచింపకపోవచ్చును. అయినను ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటయే శాస్త్రమునకు చేయు గౌరవము. మృతమైనది మరల జీవమునకు ఆహారమగునను సత్యమునుండి మన పూర్వులు ముఖము త్రిప్పుకొనలేదని దీనివలన తెలియుచున్నది. సురపాలుని గ్రంథపు వ్రాతప్రతి ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయమున ఉండగా, దాని ప్రతిని తెప్పించి, నళినీ సాధలే గారిచే ఆంగ్లానువాదము చేయించి 1996లో ప్రకటించినది సికింద్రాబాదునందలి ఆసియా వ్యవసాయచరిత్ర సంస్థ. ఆ సంస్థాపకులు వై. ఎల్. నేనే గారు మొక్కల తెగుళ్ళ శాస్త్రమున నిష్ణాతులు. సముద్రములు దాటిపోయిన గ్రంథము తెలుగునేలపైననే మరల వెలుగుచూచుట సంతోషింపదగిన విషయము.

కాని ఈ గ్రంథములన్నింటిలోను ఎరువుకుప్పను గూర్చి సూటిగా మాటలాడినది కృషిపరాశరము. మాఘమాసమున గోమయకూటమును, అనగా పేడకుప్పను, శ్రద్ధతో పూజింపవలెను. శుభదినమున, శుభనక్షత్రమున పారతో దానిని త్రవ్వవలెను. ఎండలో ఆరబెట్టి పొడి చేయవలెను. ఫాల్గునమున ప్రతి మడియందును గుంత తీసి అందు నిక్షేపింపవలెను. విత్తుకాలమున ఆ సారమును పైకి తీసి పొలమున చల్లవలెను. ఎరువు లేని పైరు పెరుగును గాని ఫలింపదని కూడ పరాశరుడు హెచ్చరించినాడు. పూజయు, పారయు ఒకే విధిలో ప్రక్కప్రక్కనే నిలిచినవి. పూజించినది కుప్పగానే నిలిచిపోరాదు. త్రవ్వబడవలెను, పొడి కావలెను, పొలమునకు చేరవలెను. తెలుగునాట సంక్రాంతికి ముంగిట నిలిపిన గొబ్బెమ్మలను పిడకలుగా తట్టి, రథసప్తమినాడు వానిపై పాలు పొంగించి పరమాన్నము వండు ఆచారము కలదు. అదియు మాఘమాసమే. రెండింటికిని సంబంధమున్నదని చెప్పుటకు ప్రమాణము లేదు గాని, మాఘమున గోమయమును దేవతగా చూచు దృష్టి రెండింటను ఒక్కటియే.

ఇంతవరకు చదివినవారికి, ఎరువుల శాస్త్రమంతయు మన గ్రంథములలోనే ఉన్నది గదా, పరదేశీయులు క్రొత్తగా కనుగొన్నదేమి యను ప్రశ్న కలుగుట సహజము. ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు. గ్రంథమునందున్నది వేఱు, గ్రామమునందు జరిగినది వేఱు. గ్రంథమునందు కూడ లేనిది ఒకటి కలదు.

గ్రామమున జరిగినదేమి? ఇంటి వెనుకనో, ఊరి వెలుపలనో పెంటకుప్ప. పేడ, కసవు, పొయ్యిలోని బూడిద, పశువులు తిని విడిచిన చొప్ప అందులో పడును. ఎండకు ఎండును, వానకు కడిగివేయబడును, వేసవిలో బండ్లకెక్కి పొలమునకు పోవును. గోమూత్రము చాలవఱకు కొట్టపు నేలలోనే ఇంకిపోవును. అటుపై పిడకలు. 1889 చివర ఇంగ్లండునుండి వచ్చిన జాన్ ఆగస్టస్ వోల్కర్ అను రసాయనశాస్త్రవేత్త ఏడాదికి పైగా ఈ దేశమంతయు తిరిగి, 1893లో ప్రకటితమైన తన నివేదికయందు ఈ విషయమును విపులముగా చర్చించిరి. భారతీయకర్షకుని నైపుణ్యమును ఆయన మెచ్చుకొనిరి. పేడను కాల్చుట అజ్ఞానమువలన గాదని, వంటచెఱకు లేకపోవుటవలననేయని గ్రహించిరి. వంటచెఱకునకై వనములు పెంచినచో పేడ పొలమునకు చేరునని సూచించిరి. పిడక కాలినప్పుడు అందలి నత్రజని గాలిలో కలిసిపోవును; బూడిదలో పొటాషు వంటి లవణములు మాత్రమే మిగులును. యజ్ఞమునకును, భోగిమంటకును, రథసప్తమికిని వాడు పిడకలు లెక్కలోనివి కావు. దినదినము రెండు పూటల పొయ్యిలో కాలిన పిడకయే నేలకు ఋణమైనది. ఈ భేదము తెలిసికొననివారు ఆచారమును నిందింతురు. తెలిసియు మఱచువారు ఆచారము పేరిట నష్టమును సమర్థింతురు.

తెలుగుకాపులు ఈ లోటును అనేక విధముల పూరించుకొనిరి. రాత్రులందు గొఱ్ఱెలమందను చేనిలో నిలిపి, కాపరికి ధాన్యమిచ్చెడివారు. వేసవిలో ఎండిన చెఱువులనుండి ఒండ్రుమట్టిని తోలుకొనెడివారు. జనుము, జీలుగ, పిల్లిపెసర విత్తి పూతకు రాగానే కలియదున్నెడివారు. పూర్వము ఊరుండి పాడువడిన దిబ్బలనుండి పాటిమన్ను తవ్వి పొలములకు చేర్చెడివారు. శతాబ్దముల నాటి జనుల బూడిదయు, ఎముకలును, పేడయు చివికిన మన్ను గదా అది. పురావస్తుపరిశోధకులకు ఈ పాటిమన్ను తవ్వకము మిక్కిలి బాధ కలిగించినది. చరిత్రయంతయు పైరుక్రిందికి పోయినదని వారి ఫిర్యాదు. అది న్యాయమే. అయినను తాతముత్తాతల పొయ్యిబూడిద మనుమల అన్నములో చేరుటయు ఒక విధమైన శ్రాద్ధమేయని తోచును.

గ్రంథమునందును లేనిదేదనగా, కుప్ప లోపల ఏమి జరుగుచున్నదను విచారము. పేడ ఎట్లు ఎరువగును? ఏ పదార్థములను ఏ పాళ్ళలో చేర్చవలెను? గాలి యెంత, నీరెంత? ఎన్నినాళ్ళకు పక్వమగును? పరాశరుడు విధించినట్లు గోమయమును ఎండలో ఆరబెట్టినచో అందలి నత్రజనిలో కొంతభాగము వాయురూపమున పోవునని నేటివారికి తెలిసినది. దీనివలన పరాశరునకు వచ్చు లోపము లేదు. ఋషి దిక్కు చూపును. ఆ దారిలో నడచి రాళ్ళను, గోతులను లెక్కించుట తరువాతివారి పని. మనవారు ఆ పనిని చాలకాలము చేయలేదనుట మాత్రము సత్యము.

ఐరోపాఖండము ఇంకొక దారి పట్టినది. 1840లో జర్మనీదేశపు లీబిగ్ ప్రకటించిన గ్రంథము మొక్కకు కావలసినవి ఖనిజలవణములని బోధించినది. అటుపిమ్మట ఎరువనగా నత్రజని, భాస్వరము, పొటాషుల లెక్కయైనది. 1913లో జర్మనీలోని ఒప్పావు కర్మాగారమున గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చు పరిశ్రమ ప్రారంభమైనది. ఇట్టి కాలమున, 1905లో, ఆల్బర్ట్ హోవర్డ్ అను వృక్షశాస్త్రవేత్త బీహారునందలి పూసా పరిశోధనాక్షేత్రమునకు వచ్చిరి. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతపు రైతు కుమారుడాయన. ఆయన భార్య గాబ్రియేల్ కూడ వృక్షశాస్త్రజ్ఞురాలే. పరిశోధనలో ఆయనకు సమానురాలు. పూసాలో తనకిచ్చిన 75 ఎకరములలో హోవర్డ్ మొదట చేసిన పని పాఠము చెప్పుట కాదు, నేర్చుకొనుట. ఇరుగుపొరుగు పొలముల రైతులనే తనకు ఆచార్యులుగా భావించితినని తరువాత ఆయనయే వ్రాసిరి. పైరుపై పడు పురుగును, తెగులును సైతము ఆయన గురువులుగానే ఎంచిరి; నేలయందు లోపమెక్కడ నున్నదో అవి చూపునట. సారవంతమైన నేలలో పండిన మేతను తిన్న తన యెడ్లు, గాలికుంటు సోకిన పొరుగు పశువులతో ముట్టెలు రాచుకొన్నను ఆ జబ్బు తమకు రాకుండ నిలిచినవని కూడ ఆయన వ్రాసిరి. ఈ విషయమున శాస్త్రజ్ఞులందఱును ఆయనతో ఏకీభవింపలేదు. కాని ఆయన జీవితమును మలుపు త్రిప్పిన దృశ్యమిదియే.

పూసాలో ఒకే మొక్కను ఒకరు వేరుపురుగుల కొఱకు, ఒకరు బూజు కొఱకు, మఱియొకరు రసాయనముల కొఱకు విడివిడిగా చూచు విభాగపద్ధతి హోవర్డునకు నచ్చలేదు. 1924లో దంపతులిరువురును మధ్యభారతమునకు తరలిరి. హోల్కరు సంస్థానము ఇండోర్ నగరము వద్ద 300 ఎకరముల భూమినిచ్చినది. భారత కేంద్ర ప్రత్తి సంఘము ధనసహాయము చేసినది. అచ్చట వెలసినదే ఇండోర్ వృక్షపరిశ్రమ సంస్థ. మాళవదేశపు నల్లరేగడి నేల. ప్రధానమైన పైరు ప్రత్తి. ప్రత్తి తీసిన పిదప మిగులు మోళ్ళు కొయ్యవలె గట్టివి. అవి చివుకవు, పశువులు తినవు. పొయ్యిలో పెట్టుటకే పనికివచ్చును. వానిని ఎరువుగా మార్చుట ఎట్లనునదే అచ్చటి ప్రశ్న. దానికి సమాధానము వెదకినవారిద్దరు: హోవర్డ్, ఆ సంస్థలో రసాయనశాస్త్రము చూచుచున్న యశ్వంత్ వాడ్ అను భారతీయుడు.

వారి పద్ధతిని వివరముగా చెప్పవలెను. ముందుగా ప్రత్తిమోళ్ళను బండ్లు నడుచు బాటపై పరచెడివారు. చక్రముల క్రిందను, గిట్టల క్రిందను నలిగి అవి పీచుగా చీలెడివి. నలిగినదానిని, ఆకును, గడ్డిని, కలుపును కలిపి కొట్టములో ఎడ్ల క్రింద పరుపుగా వేసెడివారు. రాత్రియంతయు గోమయగోమూత్రములు దానిలో ఇంకెడివి. కొట్టపు నేల సిమెంటు కాదు, మన్నే. మూత్రముతో తడిసిన ఆ మన్నును కొన్ని మాసముల కొకసారి పైపొర తీసి పొడిచేసి దాచెడివారు. ఇంకి పోయి నష్టమైన గోమూత్రము ఈ విధముగా మరల చేతికి దొరకినది. పిదప గుంతలు: 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు మాత్రమే, వాలు గోడలు. లోతు ఎక్కువైనచో గాలి చొరదు. గుంతలో పరుపును పలుచని పొరగా పరచి, దానిపై మూత్రపుమన్నును, కట్టెబూడిదను చల్లి, పేడను నీటిలో కలిపిన చిక్కని ద్రవమును చిలికెడివారు. అట్లు పొరపై పొర. అంతకు ముందు పండుచున్న గుంతనుండి బూజు పట్టిన పదార్థమును కొంచెము తెచ్చి క్రొత్త గుంతలో కలిపెడివారు. పాలలో తోడు వేసినట్లని గృహిణులు వెంటనే గ్రహింతురు.

తడి యెంత? పిండి విడిచిన వస్త్రమంత. నీరు కారరాదు, పొడిగా నుండరాదు. తరువాత మూడు పర్యాయములు తిరుగవేయవలెను: సుమారు పక్షము రోజులకు ఒకసారి, నెలకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి. చివరిసారి గుంతలోనుండి తీసి నేలమీద కుప్పగా పోయవలెను. మూడు మాసములకు నల్లని, పొడిపొడిగా రాలు, దుర్గంధము లేని ఎరువు సిద్ధము. వర్షకాలమున గుంతలలో నీరు నిలుచును గనుక నేలపైననే కుప్పలు వేసెడివారు. అనంతరకాలమున హోవర్డ్ తన వివరణలయందు, కుప్పలో గడపారతో నిలువు రంధ్రములు చేసి గాలికి దారి యీయవలెనని చేర్చిరి.

తోడు వేసిన కుప్ప రెండుమూడు దినములలో వేడెక్కును. లోపలి ఉష్ణత 65 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు చేరును. చేయి పెట్టి నిలుపజాలము. ఆ వేడికి కలుపుగింజలు, పురుగుల గ్రుడ్లు, రోగకారకములు చాలవఱకు నశించును. ఈ అగ్నిని పుట్టించువారు కంటికి కనబడని జీవులు. మొదట తెల్లని బూజు, అనగా శిలీంధ్రములు, గట్టిపీచును మెత్తపరచును. పిదప సూక్ష్మజీవుల పని. వానికి శక్తినిచ్చునది కర్బనము, దేహము కట్టునది నత్రజని. ఒక పాలు నత్రజనికి సుమారు 30 పాళ్ళు కర్బనమున్నచో పని సజావుగా సాగును. ఎండుచొప్ప, మోళ్ళు కర్బనమునకు నిధులు. పేడ, మూత్రము, పచ్చియాకు నత్రజనికి. పచ్చిచొప్పను నేరుగా చేనిలో కలిపినచో సూక్ష్మజీవులు పైరునకు దక్కవలసిన నత్రజనిని తామే తినివేయును, పైరు పసుపువర్ణమగును. గుంతలో ముందే పక్వమైనచో ఆ కలహము లేదు. కుప్ప దుర్గంధము కొట్టినచో గాలి చాలలేదని, చల్లగా నిలిచిపోయినచో తడియో పేడయో చాలలేదని తెలియవలెను. వైశ్వానరుడై ప్రాణుల దేహమున అన్నమును పచించువాడు తానేయని భగవానుడు గీతయందు చెప్పెను. ఎరువుగుంతలోని వేడిని చేతితో ఎఱిగిన రైతునకు ఆ మాటకు వేఱు వ్యాఖ్యానము అక్కరలేదు. ఇది కేవలము ఉపమానమని, శాస్త్రసిద్ధాంతము కాదని మాత్రము గుర్తుంచుకొనవలెను. వేదాంతమును రసాయనముతోను, రసాయనమును వేదాంతముతోను ఋజువు చేయబూనుట రెండింటికిని అపచారమే.

పద్ధతి యెవరిది? ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఆవేశములు పెరుగును. ఇండోర్ పద్ధతి వేదములలోనిదే, తెల్లవారు దొంగిలించిరి యనువారు కొందఱు. భారతీయునకు కుప్పవేయుట నేర్పినది ఇంగ్లీషువాడే యనువారు మఱికొందఱు. సత్యము ఈ రెండింటికిని లొంగదు. పేడను, మూత్రమును, చెత్తను నేలకు తిరిగి యీయవలెనను ధర్మము ఈ దేశమున ప్రాచీనము. పంటవ్యర్థములను, మానవమలమును, కాలువమట్టిని కలిపి శ్రమతో ఎరువు చేయు విద్య చీనా దేశమున అంతకంటె పరిపూర్ణముగా నుండెను. 1909లో చీనా, కొరియా, జపాను దేశములను తిరిగిన అమెరికా నేలశాస్త్రజ్ఞుడు ఎఫ్. హెచ్. కింగ్ ఆ సంగతులను వ్రాయగా 1911లో గ్రంథముగా వెలువడినది. హోవర్డ్ ఆ గ్రంథమునకు తన ఋణమును దాచలేదు. పాళ్ళు, గాలి, తడి, తిరుగవేయు కాలము, తోడు అను లెక్కలు ఇండోరులో ప్రయోగముచే తేలినవి. చీనావాని శ్రమ, మాళవదేశపు రైతు ఎడ్లు, ఇంగ్లీషువాని పరిశీలన, వాడ్ గారి రసాయనజ్ఞానము, ఇవన్నియు ఒకే గుంతలో పడినవి. ఏది యెవరిదని విడదీయుట పక్వమైన ఎరువులో చొప్పను, పేడను విడదీయుట వంటిది.

ఇక కష్టమైన విషయము. గోమయము పవిత్రము, దానితో అలుకుదుము, పంచగవ్యమున స్వీకరింతుము. కాని మనుష్యులుండు ఊరిలో గోమయమొకటే పుట్టదు. పట్టణపు చెత్తయు, మలమును ఎవరో ఎత్తవలెను. ఎత్తినవారిని ఈ సమాజము శతాబ్దములుగా ఊరి వెలుపల నిలిపినది. ఎరువు లోపలికి వచ్చినది, మోసినవాడు రాలేదు. ఆ ఎరువుతో పండిన అన్నమే దేవునకు నైవేద్యమైనది. శౌచధర్మమును తన శుద్ధికొఱకు పాటించుట వేఱు, దానిని అన్యుని దూరముంచుటకు ఆయుధముగా వాడుట వేఱు. ఈ విషయమున ధర్మజ్ఞులమనుకొన్నవారు తమ లెక్క తాము చూచుకొనవలసియున్నది.

ఇండోరులో ఆ ప్రశ్నకు ఒక సాంకేతికమైన జవాబు దొరకినది. 1931లో హోవర్డ్ ఈ దేశము విడిచిన పిదపను వాడ్ పని ఆపలేదు. ఎఫ్. కె. జాక్సన్ తో కలిసి పట్టణపు చెత్తను, మలమును ఇదే పద్ధతిలో ఎరువుగా మార్చు విధమును రూపొందించి 1934లో ప్రకటించిరి. మలము చెత్త పొరల నడుమ వేడిలో పడి కొన్ని వారములలో గుర్తుపట్టరాని మన్నగును. ఈగలు పుట్టవు, దుర్గంధముండదు. మరుసటి యేట, 1935లో, గాంధీజీ ఇండోర్ వచ్చినప్పుడు ఆ సంస్థను సందర్శించి ఎరువుగుంతలను స్వయముగా చూచిరి. పారిశుద్ధ్యపు పని చేయువారి గౌరవమును గూర్చి ఆయనకున్న చింతకును, గ్రామనేలల బీదతనమును గూర్చి ఆయనకున్న చింతకును ఆ గుంత ఒకటే మందుగా కనబడి యుండవలెను. ఆ యేడే హరిజన్ పత్రికలో ఈ పద్ధతి ప్రచారమునకు వచ్చినది.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. అస్సాము, సింహళము మొదలగు చోట్ల తేయాకు తోటలవారును, ఆఫ్రికాలో కాఫీ తోటలవారును ఇండోర్ పద్ధతిని అవలంబించిరి. 1939లో బెంగుళూరు విజ్ఞానసంస్థలో సి. ఎన్. ఆచార్య గారు, తిరుగవేయు కూలి భరింపలేని పురపాలక సంఘముల కొఱకు, చెత్తను మలమును పొరలుగా నింపి పైన మట్టితో మెత్తి గాలి చొరకుండ నిదానముగా మాగనిచ్చు బెంగుళూరు పద్ధతిని రూపొందించిరి. మహారాష్ట్రమున నారాయణ దేవతావ్ పాంఢరీపాండే గారు గోడలలో రంధ్రములు విడిచిన ఇటుకతొట్టితో కొద్దిపాటి పేడకే ఎక్కువ ఎరువు వచ్చు విధము కనిపెట్టిరి. ఆయన పేరులోని అక్షరములతోనే అది నాడెప్ అని ప్రసిద్ధము. పశువులు తగ్గిపోయిన నేటి గ్రామములకు ఇదియే ఎక్కువ ఉపయోగకరము. కొన్ని తెలుగు గోశాలలలోను ఆ తొట్లు నేడు కనబడును. ఈ నడుమ 1951లో సింద్రీ కర్మాగారము ప్రారంభమై రసాయనపుటెరువుల యుగము వచ్చినది. కరవులతో కుములుచున్న దేశమునకు అది ఆకలి తీర్చినది. దానిని పాపమని నిందించుట కృతఘ్నత. ఎరువుకుప్పను విడిచిపెట్టుట మాత్రము ఎవరును విధించినది కాదు. బస్తా సులభము గనుక కుప్ప మఱచిరి.

హోవర్డ్ ఇంగ్లండునకు పోయిన పిదప 1934లో సర్ బిరుదు పొంది, 1940లో తన ప్రసిద్ధగ్రంథమును వ్రాసి, 1947లో మరణించిరి. గాబ్రియేల్ 1930లోనే గతించిరి. సేంద్రియవ్యవసాయమునకు ఆద్యుడని పాశ్చాత్యలోకమున హోవర్డునకు గొప్ప పేరు వచ్చినది. అది ఆయనకు తగినదే. ఇండోరునందలి ఆ సంస్థ స్థలమున ఇప్పుడు వ్యవసాయకళాశాల నడుచుచున్నది. పద్ధతిని తొలిసారిగా లోకమునకు తెలిపిన గ్రంథము మాత్రము 1931లో అచ్చయినది. వ్యవసాయవ్యర్థములు, వానిని మృత్సారముగా వినియోగించుట అని దాని పేరునకు అర్థము. ముఖపత్రముపై హోవర్డ్ పేరు క్రింద, గ్రంథకర్తగనే, యశ్వంత్ వాడ్ పేరు అచ్చొత్తబడియున్నది.